మరచెంబు మూత

గంగ పులుస్తుందని మూడు రోజులపాటు నిజంగా నమ్మినవాణ్ణి నేను. ఇరవై రెండేళ్లు వచ్చి, ఉర్దూలో అర్జీలు రాయడం నేర్చి, జహీరాబాదు కచ్చేరీ మెట్ల మీద నలుగురూ "మున్షీ సాబ్" అని పిలుస్తుండగా నమ్మాను. కాశీ ఎక్కడ, మా ఊరెక్కడ, అన్ని రోజులు ఎండలో రైల్లో వచ్చిన నీళ్లు దారిలో పులిసి ఉంటాయి, అందుకే ఆ వాసన, అని నాకు నేనే వాదించుకుని నాకు నేనే తీర్పిచ్చుకున్నాను. వకీలు దగ్గర రెండేళ్లు గుమాస్తాగా ఉండి నేను సంపాదించిన విద్య అదొక్కటే. ఎదుటివాడి తప్పుకు నా తలలోంచే సాక్ష్యం పుట్టించి ఇవ్వడం.

మొన్న మా తమ్ముడి మనవరాలి పెండ్లికి పోయాను. మగపెండ్లివారి తరపున ఒక పెద్ద ఇంజనీరు వచ్చాడు. ఆయన పందిట్లో అడుగు పెట్టగానే కుర్చీలన్నీ లేచి నిలబడ్డాయి, అంటే కుర్చీలలోని మనుషులు. చేతిలో చిన్న ఫ్లాస్కు. పక్కనున్నాయన నా చెవిలో, "సారుకు బయటి నీళ్లు పడవు, కాచి చల్లార్చినవే తాగుతరు, ఎంత పద్ధతిమంతుడో" అన్నాడు. నేను ఫ్లాస్కును చూడలేదు. ఆయన భార్యను చూశాను. ఆమె నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతూనే, కళ్లు అటు తిప్పకుండానే, ఆయన చొక్కా మణికట్టు దగ్గర ఊడిన గుండీని రెండు వేళ్లతో పెట్టింది. ఆమె వేళ్లకు ఆ పని ఎన్నేళ్ల అలవాటో నాకు అర్థమైంది. ఇంటికి వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. గుండుసూదులు వేసుకునే రాగి మూత ఒకటి ఎప్పుడూ నా బల్ల మీద ఉంటుంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే సూదులన్నీ ఒళ్లో పడ్డాయి. ఆ మూత నా చేతికొచ్చి యాభై ఏళ్లు దాటినా గుచ్చుకునేవి గుచ్చుకుంటూనే ఉంటాయి.

మా వకీలు సాబు పేరు రాయను. ఆయన మనవలు మంచివాళ్లు, కనబడితే దండం పెడతారు. ఆయన మాత్రం ఎవరికీ దండం పెట్టేవాడు కాదు, పెట్టించుకునేవాడు. ఎర్రటి మనిషి, నల్ల షేర్వాణీ, జేబులో లవంగాలు, నెత్తిన జరీ రుమాలు. బీదర్ నుంచి కూడా కేసులు ఆయన దగ్గరికే వచ్చేవి. కన్నడం మాట్లాడేవాడితో కన్నడం, మరాఠీవాడితో మరాఠీ, తీర్పు చెప్పే హాకిముతో నీళ్లు నమలని ఉర్దూ. అన్నింటికంటే ఎక్కువగా ఊరి గౌరవం ఆయన మడి మీద. పరాయింట పచ్చి నీళ్లు ముట్టడు. ఎక్కడికి పోయినా వెంట రాగి మరచెంబు, దానికి మర తిప్పి బిగించే మూత. అందులో కాశీ గంగ. దాన్ని ఇంకొకరు తెరవగూడదు, చేతిలో మోయవచ్చు, అంతే. ఆ మోసే భాగ్యం నాది. కచ్చేరీకి పోయేటప్పుడు ఎడమ చంకలో కాగితాలు, కుడి చేతిలో గంగ. భగీరథుడికైనా గంగను ఒక్కసారే తెచ్చే పని పడింది, నేను రోజూ తెచ్చేవాణ్ణి.

ఆ రెండేళ్లలో నేను చూసినవన్నీ ఇప్పుడు రాస్తే చదివేవాళ్లు నవ్వుతారు. పొద్దున తొమ్మిదింటికి ఆయన సంతకం కోడి కెలికినట్టు ఉండేది, పూజ గదిలోకి పోయి రెండు గుక్కల తీర్థం పుచ్చుకుని వచ్చాక అదే సంతకం ముత్యాల వరుస. నేను దాన్ని దేవుడి మహిమ అనుకున్నాను. కఠినమైన వాదనలన్నీ పగటి భోజనం లోపలే పెట్టుకునేవాడు, సాయంత్రం నాలుగు దాటితే కక్షిదార్ల మీద కారణం లేకుండా అరిచేవాడు. నేను దాన్ని ఉపవాసాల నీరసం అనుకున్నాను. నెలకోసారి సికింద్రాబాదు నుంచి గడ్డిలో పొదిగిన సీసాల పెట్టె రైల్లో వచ్చేది. స్టేషనుకు పోయి దించుకొచ్చేది నేనే. "తలనొప్పి మందు, మున్షీ, జర పైలం" అనేవాడు. మందే, కాదనను. ఆయన ఎన్నడూ తూలలేదు, మాట తడబడలేదు. తాగినోడంటే సేంది కల్లు దుకాణం ముందర బజార్లో పడిపోయే హమాలీయే అని మాకందరికీ ఎరుక. తాగితే తూలేవాణ్ణి గుర్తు పట్టడం మాకు తెలుసు, తాగకపోతే తూలేవాణ్ణి పట్టడం ఎవరూ నేర్పలేదు.

ఆ చలికాలం మా నాయనమ్మ మంచం పట్టింది. ఇంట్లో కుంపట్లో వాము పొగ, గోడకు చేరగిలి గొంగడి కప్పుకుని ఆమె, గొంతులో గురక. జొన్నరొట్టె నీళ్లలో నానబెట్టి పెట్టినా మింగుడు పడలేదు. నాలుగో రోజు పొద్దెక్కేసరికి ఇరుగు పొరుగు ఆడవాళ్లంతా చేరి, "ఇగ ఆమెకు గంగ పోయుండ్రి" అన్నారు. కోహీరు నుంచి విఠల్ సేటు కూడా వచ్చి కూర్చున్నాడు. కందిపప్పు వ్యాపారి. ఆయన బిడ్డ రుక్కమ్మను నాకిస్తామని మాట అనుకుని అప్పటికి రెండు నెలలు. పెద్దావిడ కన్ను మూసేలోపు చూసిపోదామని వచ్చాడు. ఒక్కసారే చూశాను రుక్కమ్మను, వాళ్ల పెరట్లో జామచెట్టు కింద. పండు కొరుకుతూ, "మున్షీ అంటే ముసలోడనుకున్న" అంది వాళ్ల అక్కతో, నాకు వినబడేలాగే. ఆ ఒక్క మాట మీద నేను రెండు నెలలు గాలిలో నడిచాను.

వకీలు సాబు కూడా పరామర్శకు వచ్చాడు. ఊరంతా అబ్బురపడింది. చెంబు నా చేతిలోనే ఉంది. నాయనమ్మ కళ్లు తెరవకుండానే, "గంగ, గంగ" అంది.

"సాబ్, ఒక్క చుక్క..." అన్నాను.

"మున్షీ, అది నా అనుష్ఠానం గంగ. పక్కనున్న తులసి నీళ్లు పొయ్యి, అదే పుణ్యం" అని ఆయన విఠల్ సేటును తీసుకుని వాకిట్లోకి పోయాడు. మంచి మంచి మాటలు చెబుతున్నాడు, శరీరం నీటి బుడగ అనీ, అదనీ ఇదనీ.

నాయనమ్మ మళ్లీ "గంగ" అంది. నన్ను పెంచిన మనిషి ఆమె. నేను తప్పు చేశాను. మూత తిప్పాను, ఒకటిన్నర చుట్టు. ఉద్ధరిణెలో తొందరగా పోయబోతే సగం నా అంగీ మీద ఒలికింది. మిగిలింది ఆమె నోట్లో పోశాను. ఒకటి, రెండు, మూడు.

ముందు ఆమె మొహం చింతకాయ కొరికినట్టు ముడుచుకుంది. తర్వాత దగ్గు. తర్వాత గొంతులో గురక ఆగింది. ఆడవాళ్లు కొంగు నోట్లో పెట్టుకున్నారు. అప్పుడు నాయనమ్మ కళ్లు తెరిచి, పెదవులు చప్పరించి, స్పష్టంగా అంది: "కమ్మగున్నది రా కిష్టయ్యా. ఇంకింత పొయ్యి."

మా మేనత్త సంతోషంతో ఏడుస్తూ ముందుకు వంగింది, వంగి ఆగిపోయింది. "ఏం వాసనరా ఇది?" అంది. అప్పుడే లోపలికి వచ్చిన విఠల్ సేటు కూడా ముక్కు ఎగబీల్చాడు. వ్యాపారి ముక్కు, కందిపప్పులో పురుగు ఉందో లేదో వాసనతో చెప్పే ముక్కు. "బ్రాందీ" అన్నాడు.

వకీలు సాబు గుమ్మంలో నిలబడి తెరిచిన చెంబును చూశాడు. రెప్ప ఒక్కసారి పడింది, అంతే. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ఆ రెప్పపాటును క్షమించలేదు. ఎందుకంటే అందులో భయం లేదు, లెక్క ఉంది. నా దగ్గరికి వచ్చి నా అంగీ మీదికి వంగి వాసన చూసి, అందరికీ వినబడేలా, "తాగొచ్చి గంగ ముడ్తవా? సచ్చే ముసలిదాని నోట్ల సారా పోస్తవా? తోబా, తోబా! రెండేండ్ల సంది ఇట్లాంటోణ్ణి పక్కన పెట్టుకున్ననా నేను?" అన్నాడు. చెంబు తీసుకుపోయి, మైలపడ్డదని పెరట్లో మోరీలో వంచేశాడు. సాక్ష్యం మోరీలో పోయింది, ముద్దాయి మిగిలాడు.

నేను ఏమీ అనలేదు. ఇక్కడే చదివేవాళ్లు పుస్తకం మూసి నన్ను తిట్టుకోవచ్చు. అనడానికి నా దగ్గర ఏముంది? ఆయన తాగుతాడని నాకింకా తెలియదు, గంగ పులిసిందనే నమ్ముతున్నాను. ఆయన పొరబడ్డాడు పాపం, రేపు తెలుసుకుంటాడు అనుకున్నాను. విఠల్ సేటు చెప్పులు వేసుకుంటూ మా నాయనతో, "బావా, ముసలమ్మ బతికింది, సంతోషం. పిల్ల ముచ్చట మాత్రం ఇగ మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాడు. నాయన నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆ రోజు నుంచి నాలుగు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. బజార్లో నడిస్తే, "గంగ మున్షీ వస్తుండు, ముక్కులు మూసుకోండ్రి" అని దుకాణాల అరుగుల మీంచి అనేవాళ్లు. సేంది దుకాణం ముందు కూర్చున్న హమాలీ బాలయ్య మాత్రం, "రా మున్షీ, మా పక్కన జాగ ఉన్నది, సిగ్గు పడకు" అని ప్రేమగా పిలిచేవాడు. ఆ పిలుపే అన్నింటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ గొడవ జరిగిన నాలుగో రోజు, నా దగ్గరున్న కేసుల కాగితాలు అప్పజెబుదామని వకీలు ఇంటికి పోయాను. సాబు కచ్చేరీకి పోయాడు. పెరట్లో బావి దగ్గర వకీలమ్మ చింతపండు, బూడిద పెట్టి చెంబు తోముతున్నది. మడి చెంబును ఇంకో చెంబు కూడా తాకగూడదు గనుకే అదొక్కదాన్నే విడిగా తోముతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నన్ను చూసి చేయి ఆపలేదు.

"అమ్మా, కాశీ నుంచి ఇంత దూరమొస్తే గంగ పులుస్తదా?" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు నాకిప్పటికీ అర్థం కాదు, జాలో, అసహ్యమో, నవ్వో. "కొడుకా, నీకు ఆ వాసన ఒక్కనాడు అంటింది. నేను పద్దెనిమిదేండ్ల సంది తోముతున్న" అంది.

తల మీద బిందెడు నీళ్లు కుమ్మరించినట్టయింది. సంతకం, నాలుగు గంటల అరుపులు, గడ్డిలో సీసాలు, అన్నీ ఒక్కసారి వరుసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి, హాజరు పిలిచినట్టు.

"మరి ఎవలకూ చెప్పలేదేం అమ్మా?"

"ఎవలకు చెప్పాలె? ఆయన నడిస్తే బజారు లేచి నిలబడ్తది. నేను చెప్తే నాకు దయ్యం పట్టిందంటరు. నీకు నోరున్నది, నలుగురిల తిరిగేటోనివి, నువ్వు చెప్పినవా?" చెంబు మీద ఇంకింత బూడిద వేసి, "పొద్దుగాల షేర్వాణీ గుండీలు ఎవలు పెడ్తరనుకున్నవ్? నేనే. ఆ వేళ్లు వశంల ఉండయి. మనిషి నోరు చూడకు కొడుకా, నోరు ఆయనకు బాగనే నేర్చింది. చేతులు చూడు" అంది.

చేతులు చూడమన్న ఆ పాఠం తర్వాత నాకు ఎన్నోసార్లు పనికొచ్చింది. ఈ కాలంలో దాన్ని రోగమంటున్నారు, దవాఖానలున్నాయి, డాక్టర్లు ఓపికగా కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. మంచిదే. ఆనాడు అటువంటిదేదో ఉండి ఉంటే వకీలమ్మ అన్నేళ్లు చెంబు తోమేది కాదు. రోగమే, ఒప్పుకుంటాను. పెండ్లిలో ఆ ఇంజనీరు భార్య పక్కకు పోయి కూర్చుని, "అమ్మా, నాకు తెలుసు" అని ఒక్క మాట చెప్పి వచ్చాను. ఆమె గాజులు సర్దుకుంటూ చాలాసేపు నా చేయి వదల్లేదు. రోగి మీద నాకు కోపం లేదు. కాని మా వకీలు సాబు రోగం ఆయనది, దాని పేరు మాత్రం నా మీద రాశాడు. దానికి ఏ దవాఖానలో మందుంది? నేనైతే నా మందు నేనే తయారు చేసుకున్నాను.

తయారు కావడానికి ఎండాకాలం దాకా పట్టింది. ఈలోగా కచ్చేరీ బయట వేపచెట్టు కింద కూర్చుని అర్జీలు రాసుకున్నాను. వచ్చేవాడు ముందు నా నోరు వాసన చూసి, తర్వాత తన బాధ చెప్పేవాడు. రుక్కమ్మకు రాయికోడులో సంబంధం కుదిరి పెండ్లి కూడా అయిపోయింది. నాయనమ్మ మాత్రం లేచి తిరుగుతున్నది, కర్ర పట్టుకుని. ఆమెకు ఒకటే బెంగ. "మన బాయి నీళ్లల్ల ఆ రుచి లేదురా కిష్టయ్యా. ఆ గంగ ఒక్క చుక్క పోయిస్తే నేనింకో పదేండ్లు బతుకుత." ఎంత చెప్పినా అది గంగ కాదంటే నమ్మదు. ఆమె నమ్మకపోవడమే నాకు పనికొస్తుందని తట్టడానికి నాలుగు నెలలు పట్టింది. నా బుర్ర మర కూడా కాస్త బిగువే.

పత్తి మిల్లు ఆవరణలో హమాలీలతో తాగుడు మాన్పించే సభ పెట్టారు. ఆ సభకు పెద్ద మా వకీలు సాబే. ఆయన పద్ధతి ఊరికంతా తెలుసు: ఒక్కొక్కడూ వచ్చి గంగ చెంబు మీద చేయి పెట్టి, ఇక ముట్టనని ఒట్టు వేయాలి. గంగ మీద ఒట్టంటే మా వైపు కచ్చేరీలో కూడా ఎదురు లేదు. బ్రాందీ మీద చేయి పెట్టి సేంది మానేస్తామని ఎంతమంది అమాయకులు అప్పటికి ఒట్టు పెట్టారో! నేను ఎద్దుల బండి కట్టి, నాయనమ్మనూ ఆమెకు తోడుగా నాయననూ ఎక్కించి, "సాబు వస్తుండు, నీ గంగ నువ్వే అడుగు" అని ఆమెకు చెప్పి, తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టాను. పక్కనే విఠల్ సేటు ఉన్నాడు. నన్ను చూసి పంచె సర్దుకుని జరిగి కూర్చున్నాడు.

ఎండ మండిపోతున్నది. వకీలు సాబు గంటన్నర మాట్లాడాడు. నేను నోరు చూడలేదు. చేతులు చూశాను. మొదట బల్ల మీద ఉన్నాయి, తర్వాత ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, తర్వాత షేర్వాణీ జేబుల్లోకి పోయాయి. బాలయ్య లేచి చెంబు మీద చేయి పెట్టి ఒట్టు వేశాడు. వెనక పదిమంది. అప్పుడు మా నాయనమ్మ కర్ర ఊని లేచింది.

"వకీల్ సాబ్, నిండు నూరేండ్లు సల్లగుండు బిడ్డా. సావబోతుంటే నీ గంగే నా పానం నిలబెట్టింది. మూడు చుక్కలకే లేచి కూసున్న. జర ఇంకొక్క చుక్క పొయ్యి నాయనా."

సాబు నవ్వాడు. "అవ్వా, ఇది ఒట్టు గంగ. తాగేది కాదు."

"గట్లనొద్దు దొరా" అన్నాడు బాలయ్య. "నాలికె మీద చుక్క పడితే ఒట్టు ఇంకింత గట్టిగుంటది. మాక్కూడ తలా ఇంత పోయుండ్రి." ఆడవాళ్ల వైపు నుంచి కూడా, "మాకు, మాకు" అని చేతులు లేచాయి. విఠల్ సేటు కూడా అన్నాడు, మర్యాదకే అన్నాడు పాపం, "ఓ చుక్క పోస్తే తరిగేదేమున్నది సాబ్?"

సాబు చెంబు చేతిలోకి తీసుకున్నాడు. మూత తిప్పబోయాడు. వేళ్లు మూత మీద జారాయి, మళ్లీ పట్టుకున్నాయి, మళ్లీ జారాయి. గంటన్నర ఎండలో గుక్క పడని వేళ్లు. "మర బిగుసుకుపోయింది" అన్నాడు, రుమాలుతో మొహం తుడుచుకుంటూ. నేను లేచాను.

"ఇట్ల ఇయ్యుండ్రి సాబ్. అది ఎటు తిరుగుతదో నాకు ఎరుకే."

"ముట్టకు! నువ్వు మైలపడ్డోనివి."

"అయితే ఇంకేం మైలపడ్తది సాబ్, ఇయ్యుండ్రి."

ఆయన చేతిలోంచి చెంబు తీసుకోవడానికి బలం అక్కరలేకపోయింది. ఒకటిన్నర చుట్టు తిప్పాను. నేను తాగలేదు, ఎవరికీ పోయలేదు. తెరిచిన చెంబును బల్ల అంచున, సాబుకు వేసి తీసిన బంతిపూల దండ పక్కన, ఎండపొడలో, విఠల్ సేటు ముక్కుకు జానెడు దూరంలో పెట్టి, నాయనమ్మ వెనక పోయి నిలబడ్డాను. కాసేపటికి సేటు ముక్కు ఎగబీల్చాడు. మా ఇంట్లో ఎగబీల్చినట్టే. తలెత్తి ముందు సాబును, తర్వాత నన్ను చూశాడు. బాలయ్య తన అరచేతిని వాసన చూసుకుని, "వారీ, గింతసేపు దీని మీదనా మేం ఒట్టేసింది!" అని పెద్దగా నవ్వాడు. నాయనమ్మ ఒక్కతే ఇంకా దోసిలి పట్టుకుని నిలబడి, "పొయ్యుండ్రి, పొయ్యుండ్రి" అంటున్నది.

సాబు వకాలతు ఆగలేదు, కేసులూ తగ్గలేదు. లోకం అంత న్యాయమైంది కాదు, ఆ సంగతి నాకు కచ్చేరీలోనే తెలుసు. రుక్కమ్మ రాయికోడు నుంచి తిరిగి రాలేదు. ఆ సాయంత్రం బండి మీద ఇంటికి పోతుంటే నాయన నాలుగు నెలల తర్వాత నాతో మాట్లాడాడు. "జేబుల ఏందిరా అది, గట్టిగ పట్టుకున్నవ్?" అన్నాడు. నేను చూపించలేదు. ఆ తర్వాత వకీలు సాబు ఎక్కడికి పోయినా చెంబు మూతికి గుడ్డ కట్టుకుని పోయేవాడు. వాసన ముందు నడిచేది, ఆయన వెనక నడిచేవాడు. ఎంతమంది కంచరివాళ్లతో చేయించినా ఆ మరకు సరిపోయే మూత మళ్లీ దొరకలేదట. దొరకదు. అది నా దగ్గరుంది, అందులో గుండుసూదులున్నాయి.